అంతేవాసి నుండి ఇంటర్ను వరకు

తార్నాక కూడలిలో ప్రాతఃకాలమున కొంతసేపు నిలిచి చూచువారికి, నాలుగు దిక్కుల నుండి వచ్చి నాలుగు దిక్కులకు సాగిపోవు జనప్రవాహములో మూడు ధారలు వేరువేరుగ గోచరించును. దక్షిణమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము నుండి, వీపున సంచియు మెడలో సరికొత్త గుర్తింపు కార్డును ధరించి మెట్రో మెట్లెక్కు యువజనులది మొదటి ధార. పదేండ్లుగనో పదునైదేండ్లుగనో ఈ వీధులలో కాపురముండి, అదే మెట్రోలో రాయదుర్గము దాక పోయి కొలువు చేసికొనివచ్చు నడివయస్కులది రెండవ ధార. పశ్చిమమున మెట్టుగూడ, లాలాగూడల వైపు రైల్వే వర్క్‌షాపు వేళకు అందుకొనవలెనని వడివడిగ నడచు కార్మికులది మూడవ ధార. మొదటివారు పని నేర్వబోవువారు. రెండవవారు పని తెలిసినవారు. మూడవవారు, పని నేర్చుటయు నేర్పుటయు ఒకే కప్పు క్రింద నూరేండ్లకు పైబడి సాగిన సంప్రదాయమునకు వారసులు.

కొన్ని సంవత్సరములుగ ఈ మొదటి రెండు ధారల నడుమ ఒక అనుమానము ప్రవేశించినది. జనబాహుళ్యము లేఆఫ్ అని పిలుచు ఉద్యోగముల కోత ఒకవంక సాగుచుండగ, మరియొకవంక విశ్వవిద్యాలయముల నుండి ఇంటర్నులను చేర్చుకొను కార్యక్రమములు ఆగక నడచుచుండుటను చూచి, తమ కుర్చీ ఎన్నాళ్లుండునో తెలియని ఉద్యోగులు, ఈ పిల్లలు మా పని నేర్వ వచ్చుచున్నారా, మా పని తీసికొన వచ్చుచున్నారా అని మనసులోనే ప్రశ్నించుకొనుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి దీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్రను పరిశీలించినచో, నేర్చువానికిని పనివానికిని నడుమ వైరము సహజమైనది కాదనియు, ఒకే పట్టికలో నుండిన ఇద్దరిని వేరుపరచిన తరువాతనే అది పెరిగినదనియు విశదమగును.

మన ప్రాచీన ధర్మశాస్త్రములలో శిల్పము నేర్వ వచ్చిన బాలునికి అంతేవాసి యని పేరు. అంతే యనగా సమీపమున. సమీపమున వసించువాడు అంతేవాసి. బంధువుల అనుమతితో, ఇంతకాలము నీ యొద్ద నుందునని నిర్ణయించుకొని గురుగృహమున ప్రవేశించిన ఈ బాలునికి గురువు భోజనమిడి, పుత్రుని వలె చూచి, శిల్పము నేర్పవలెననియు, వానిచేత అన్యమైన పనులు చేయింపరాదనియు నారదస్మృతి విధించినది. శిల్పము ముందే పట్టువడినను ఒప్పుకొన్న కాలము ముగియువరకు వాడు అచ్చటనే యుండవలెను. ఆ కాలమున వాని పనివలన కలుగు ఫలము గురువునకు చెందును. శిల్పము నేర్పక ఇతర కార్యములు చేయించు గురువు దండార్హుడనియు, అట్టివానిని శిష్యుడు విడిచి పోవచ్చుననియు స్మృతికారుడగు కాత్యాయనుని మతము. యాజ్ఞవల్క్యస్మృతిలోను ఈ అంతేవాసి ధర్మము కలదు. దానికి కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యగ రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయము పేర తెలుగు చేసెను.

ఈ విధులన్నింటిలో నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశము వేరొకటి. సేవచేయువారిని వర్గీకరించుచు నారదుడు శిష్యుని, అంతేవాసిని, కూలికి పనిచేయు భృతకుని, పనివారిపై అధికారము వహించువానిని, ఈ నలువురను ఒకే వరుసలో నిలిపి, వీరు కర్మకరులని చెప్పెను. నేర్చువాడును పనివాడే యనుట దీని తాత్పర్యము. ఆ వ్యవస్థ నిర్దోషమని నేననుట లేదు. దోషములేని గురువును విడిచిపోవు శిష్యుని బలవంతముగ నిలుపుటకును దండించుటకును ఆ స్మృతియే అనుమతించినది. అయినను, నేర్చువానిని పనివారి లెక్కలో నుంచిన ఆ వివేకమును మనము మరువరాదు.

పాశ్చాత్యులును తమ మార్గమున ఇట్టి వివేకమునే ప్రదర్శించిరి. 1563లో ఇంగ్లండు చేసికొన్న వృత్తికారుల శాసనము ఏడేండ్ల శిక్షణను నిర్బంధము చేయుటతో తృప్తిచెందక, నేతపని, కుట్టుపని, చెప్పుల పని మొదలగు కొన్ని వృత్తులలో, ముగ్గురు శిక్షార్థులను చేర్చుకొన్న యజమాని పని తెలిసిన కూలివానిని ఒకనిని తప్పక పోషింపవలెననియు, ఆ ముగ్గురిపై చేర్చుకొను ప్రతి శిక్షార్థికి మరియొక పనివానిని ఉంచుకొనవలెననియు నిబంధన విధించెను. చవుకగ దొరకు బాలురతో దుకాణమును నింపి, పెద్దవారిని వీధిలోనికి నెట్టు దురాశ ఆనాటికే యుండుటవలన గదా, ఈ కట్టడి అవసరమైనది! ఆ శాసనములోని శిక్షణానిబంధనలు 1814లో రద్దుచేయబడినవి. ఉద్యోగుల కోత వేళ ఇంటర్నుల ప్రశ్నను మనము నేడు కొత్తదిగ భావించుచున్నాము గాని, 460 ఏండ్ల క్రిందటనే ఒక రాజ్యము దానికి అంకెలతో సమాధానము చెప్ప యత్నించినది.

ఇక మన తార్నాకకు వత్తము. తార్ అనగా తీగ, నాకా అనగా కావలి చోటు. తీగకంచె గల తోటకు కావలి యుండిన స్థలమగుటచే ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఈ కంచెకు ఒక ప్రక్కన 1893లో నిజాము రైల్వే వారి లాలాగూడ వర్క్‌షాపు వెలసినది. హైదరాబాదు నగరమున పనిముట్టు పట్టు ప్రతి వృత్తిలోను వాడుకలో నున్న రెండు మాటలు, ఉస్తాదు, షాగిర్దు అనునవి. ఇనుము కాచువాడు, మర పట్టువాడు, రంగు వేయువాడు, ఎవ్వడైనను ఒక ఉస్తాదు చేతిక్రింద షాగిర్దుగ ఆరంభించి, అతని చేతులను చూచి తన చేతులను దిద్దుకొన్నవాడే. అంతేవాసి యను సంస్కృత పదమునకు దక్కనీ నగరము తనకు తాను చేసికొన్న అనువాదమిది. బోగీలను నిర్ణీతకాలమున విప్పి, మరమ్మతు చేసి, మరల పట్టాల కెక్కించు కార్యము నేటికిని ఆ వర్క్‌షాపులో సాగుచున్నది. అప్రెంటిస్‌లు నేటికిని అచ్చట చేరుచున్నారు.

కంచెకు రెండవ ప్రక్కన విద్యాలయము లేచినది. 1918లో స్థాపితమై, ఉర్దూ బోధనభాషగ ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1929లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడెను. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాల మహాభవనము ప్రారంభోత్సవము నందెను. పుస్తకమున చదివి నేర్చుట ఒక వంకను, చేతితో చేసి నేర్చుట మరియొక వంకను, నడకదూరములో రెండు విద్యలు ప్రక్కప్రక్కన పెరిగినవి. ఇంటర్నుషిప్పు అను నేటి వ్యవస్థ నిజమునకు ఈ రెండింటి నడుమ వేసికొన్న కాలిబాట వంటిది.

1947వ సంవత్సరము ఈ కథలో రెండు విధములుగ ముఖ్యమైనది. ఆ యేట మన దేశమున వెలువడిన పారిశ్రామిక వివాదముల చట్టము పనివాడు ఎవడో నిర్వచించుచు, అప్రెంటిస్ కూడ పనివాడేనని స్పష్టముగ లిఖించినది. నారదుని వర్గీకరణమే మరల మేల్కొన్నట్లు తోచును. అదే సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము పోర్ట్‌లాండ్ టెర్మినల్ అను రైల్వే కంపెనీ వ్యాజ్యమును తీర్చినది. బ్రేకుమన్ పని నేర్వవచ్చి ఏడెనిమిది దినములు యార్డులో శిక్షణ పొందువారికి వేతనము చెల్లదని ఆ తీర్పు సారాంశము. అందుకు న్యాయస్థానము చెప్పిన హేతువులలో ఒకటి గమనింపదగినది: ఈ నేర్చువారు స్థిరోద్యోగులలో నెవ్వరి స్థానమును ఆక్రమించుట లేదు, పనిలో అధికభాగము ఆ ఉద్యోగులే చేయుచున్నారు. ఒక దేశము నేర్చువానిని పనివాడనెను. మరియొక దేశము, పనివాని స్థానమును తీసికొననంతవరకే వాడు నేర్చువాడనెను. మార్గములు వేరైనను రెండును పనివాని స్థానమును కాపాడ నుద్దేశించినవే.

ఇచ్చట లేఆఫ్ అను పదమును గూర్చి ఒక మాట చెప్పవలెను. వాడుకలో ఉద్యోగము పోవుట కంతయు ఈ పేరే పెట్టుచున్నాము గాని, చట్టమున దాని అర్థము వేరు. బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకు కొరవడుటచేతనో, సరుకు పేరుకొనిపోవుటచేతనో, యంత్రము చెడుటచేతనో పని ఇయ్యలేకపోయిన యజమాని, పట్టీలో పేరుంచియే కొన్ని దినములు పని నిలుపుట లేఆఫ్. 1953లో వచ్చిన సవరణ ఆ దినములకు మూలవేతన, కరవుభత్యములలో సగము పరిహారముగ ఇప్పించినది. పట్టీ నుండి పేరు కొట్టివేయుట రిట్రెంచ్‌మెంట్. దానికి ఒక నెల ముందు తెలుపవలెను, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనము చెల్లింపవలెను, చివర వచ్చినవానినే ముందు పంపవలెను, మరల మనుష్యులు కావలసినపుడు తొలగింపబడినవారికే తొలి అవకాశమియ్యవలెను. ఈ చివరి రెండు నియమములును అనుభవమునకు చట్టము చేసిన వందనములు. చట్టపు లేఆఫ్‌లో తిరిగి పిలుపు వచ్చునను ఆశ కలదు. నేటి వాడుకలోని లేఆఫ్‌లో ఆ ఆశ లేదు. మాట మాత్రము మిగిలినది.

1961లో అప్రెంటిస్‌ల చట్టము వచ్చినది. పరిశ్రమలు విస్తరించుచున్న ఆ దినములలో, నేర్పుటను యజమానులకు బాధ్యతగ చేసి, ఒడంబడికను, కాలపరిమితిని, స్టైపెండును, పనివారి సంఖ్యను బట్టి శిక్షార్థుల సంఖ్యను నిర్ణయించిన ఆ శాసనము చేసిన మేలు అపారమైనది. కాని దాని 18వ సెక్షను, అప్రెంటిస్ శిక్షార్థియే గాని పనివాడు కాడని ప్రకటించి, కార్మికచట్టములు అతనికి వర్తింపవనెను. 22వ సెక్షను, శిక్షణ ముగిసినవానికి ఉద్యోగమియ్యవలసిన విధి యజమానికి లేదనెను. తోటకు తీగకంచె పడిన క్షణమిదియే. నేర్చువాడు పని చేయుచుండెను. పనివాడు మాత్రము కాకపోయెను.

అటుపిమ్మట వచ్చిన కష్టకాలము ఈ కంచెను మరింత బిగించినది. 1965, 1966లలో వరుసగ వర్షములు వంచించుటయు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపబడుటయు, పరిశ్రమలలో మాంద్యము ప్రవేశించుటయు సంభవింపగ, పట్టము పుచ్చుకొన్న ఇంజనీర్లు సయితము కొలువులు లేక తిరుగవలసివచ్చెను. చదివినవారికి పనిలో తర్ఫీదిప్పించుటకై 1968 ప్రాంతమున ప్రాంతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డులు ఏర్పడినవి. దక్షిణమునకు సంబంధించినది మద్రాసులో వెలసినది. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులును, డిప్లొమా పొందినవారును అప్రెంటిస్‌ల చట్టపు పరిధిలోనికి వచ్చిరి. దీనివలన ఒక సత్యము గ్రహింపవచ్చును. ఉద్యోగములు పుష్కలముగ నున్నపుడు శిక్షణ ద్వారమువంటిది. ఉద్యోగములు సన్నగిల్లినపుడు అది వేచియుండు గదివంటిదగును. మాంద్యకాలమున ఇంటర్నుల సంఖ్య పెరుగుట నేటి కంపెనీల నూతనకల్పన కాదు. ప్రభుత్వములే మొదట ఆ దారి తొక్కినవి.

అదే కాలమున, 1969లో, ఉస్మానియా ప్రాంగణము కొలువుల ప్రశ్నపైననే రగిలినది. స్థానికులకు కొలువులు కేటాయించు ముల్కీ నిబంధనల అమలును, తెలంగాణ ఉద్యోగములను గూర్చి విద్యార్థులు ఉద్యమింపగ, ఉద్యోగసంఘములు వారితో కలిసి నడచినవి. ఆ ఉద్యమపు రాజకీయ ఫలితములను విచారించుట ఇచ్చట నా పని కాదు. కొలువు కొరకు వేచియున్నవాడును కొలువులో నున్నవాడును ఈ నేలపై ఒకే పక్షమున నిలిచిరన్న సంగతి మాత్రము జ్ఞాపకముంచుకొనదగినది.

1976లో పారిశ్రామిక వివాదముల చట్టపు సవరణ, 300 మందియో అంతకు మించియో గల కర్మాగారములు మనుష్యులను తొలగించుటకు ముందు ప్రభుత్వానుమతి పొందవలెననెను. 1982 సవరణచే ఆ సంఖ్య 100కు దిగినది. కాని 1991 తరువాత ఆర్థికవిధానము మారగ, తొలగింపు అను పరుషపదమునకు బదులు స్వచ్ఛంద పదవీవిరమణ అను మృదుపదము వాడుకకు వచ్చినది. దానికి ధనసహాయము చేయుటకై 1992 ఫిబ్రవరిలో జాతీయ నవీకరణ నిధి ఏర్పడెను. నిజాము కాలమున 1942లో పుట్టిన ఆల్విన్, 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ మొదలుకొని, స్వాతంత్ర్యానంతరము బాలానగరున వెలసిన ఐడీపీఎల్ వరకు, ఏ కర్మాగారముల పేరు చెప్పుకొని హైదరాబాదు తల్లులు పిల్లలకు పెండ్లిసంబంధములు చూచిరో, ఆ కర్మాగారములు ఒకటొకటిగ క్షీణించినవి. ఒక కర్మాగారము మూతపడినపుడు జీతములు పోవుట అందరికి కనుపించును. ఉస్తాదులు ఇండ్లకు చేరుటవలన రాబోవు తరమునకు నేర్పువారు లేకపోవుట ఎవరికిని కనుపింపదు.

1995 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము కంచెలో ఒక చిన్న వాకిలి తెరచినది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో శిక్షణ ముగించినవారు వేసిన ఆ వ్యాజ్యమున, ఇతర అర్హతలు సమానమైనపుడు బయటివారికంటె శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యమియ్యవలెనని న్యాయమూర్తులు పలికిరి. అయినను ప్రాధాన్యము వేరు, ఉద్యోగము వేరు. రైల్వే వర్క్‌షాపులలో అప్రెంటిస్‌ల చట్టము క్రింద శిక్షణ ముగించిన యాక్టు అప్రెంటిస్‌లకు క్రింది శ్రేణి నియామకములలో 20 శాతము కేటాయింపబడగ, అది చాలదని 2018 మార్చి 20న ముంబయిలో దాదర్, మాటుంగాల నడుమ వారు పట్టాలపై కూర్చుండి రైళ్ల నాపిరి. అంతకుముందు 2014 సవరణ అప్రెంటిస్‌ల చట్టపు 22వ సెక్షనును కొంత మార్చి, శిక్షణ ముగించినవారిని తీసికొనుటకు ప్రతి యజమానియు తనదైన విధానమును రూపొందించుకొనవలెననెను.

1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి ఈ నగరపు కొలువుల దిక్కు తూర్పు నుండి పడమటికి తిరిగినది. ఈ కొత్త పరిశ్రమలో ఉస్తాదు మెంటారైనాడు, షాగిర్దు ఇంటర్నైనాడు, పని లేని దినములకు బెంచి యను పేరు వచ్చినది, పోవువాడు తన పని రహస్యములన్నియు వచ్చువానికి అప్పగించుటకు కేటీ యను రెండక్షరముల మాట పుట్టినది. 2008, 2009ల ఆర్థికసంక్షోభమున నియామకపత్రములు చేత నుంచుకొని, చేరు తేదీ కొరకు నెలల తరబడి ఎదురుచూచిన పట్టభద్రులను ఈ ప్రాంగణపు హాస్టళ్లు ఎరుగును. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల కపటము బయటపడగ, ఈ నగరమున వేలాది కుటుంబములు నిద్రలేని రాత్రులు గడపినవి. 2025 జూలైలో దేశమందలి అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థయగు టీసీఎస్, తన ఉద్యోగులలో సుమారు 2 శాతమును, అనగా 12,000 మందికి పైగా తగ్గించుకొందునని ప్రకటించినపుడు, ఆ కోత ప్రధానముగ మధ్య, ఉన్నత శ్రేణులవారిపై పడునని చెప్పినది. చివర వచ్చినవాడు ముందు పోవలెనను పాత న్యాయము తలక్రిందులైనది.

ఇదే కాలమున ఇంటర్నుషిప్పు రాజ్యవిధానముగ పరిణమించినది. 2024 జూలై బడ్జెట్టులో కేంద్రప్రభుత్వము, 500 పెద్ద కంపెనీలలో అయిదేండ్లలో కోటిమంది యువజనులకు నెలకు 5,000 రూపాయల భృతితో ఇంటర్నుషిప్పు కల్పింతునని ప్రకటించి, అక్టోబరులో ప్రయోగరూపమున ఆరంభించినది. అంతకుముందే 2019 నియమములచే అప్రెంటిస్‌ల సంఖ్య, కాంట్రాక్టు మనుష్యులతో కలిపి సంస్థ మొత్తము సిబ్బందిలో 2.5 నుండి 15 శాతము వరకు ఉండవచ్చునని నిర్ణయమైనది. ఆ నియమములలోనే పట్టభద్ర అప్రెంటిస్‌కు కనీస స్టైపెండు నెలకు 9,000 రూపాయలుగ స్థిరపడినది. అప్రెంటిస్‌ల చట్టపు ఒడంబడిక క్రిందికి రాక, కళాశాలకును కంపెనీకిని నడుమ కుదిరిన ఏర్పాటుతో వచ్చు ఇంటర్నుకు ఆ పాటి లెక్కయు లేదు.

ఇంటర్నులను గూర్చి ఉద్యోగుల అభిప్రాయములు ఏకరూపముగ నుండవు. తార్నాక వీధులలో, సాయంకాలపు నడకలలో, పిల్లల పాఠశాల గేట్ల యొద్ద నేను విన్నవానిని మూడు తెరగులుగ చెప్పవచ్చును. కొందరు, కొత్త నియామకములు నిలిపితిమని మాతో చెప్పి, క్యాంపసులకు మాత్రము పోవుచున్నారు, మా జీతములో ఏ కొంతకో ఇద్దరు ముగ్గురు ఇంటర్నులు వచ్చుచున్నపుడు ఈ లెక్క ఎవరికి తెలియదని ఆవేదన చెందుదురు. మరి కొందరు, ఎనిమిదిమంది చేయు పని అయిదుగురిపై పడినపుడు నేర్పుటకు తీరిక యెక్కడిది, ఇంటర్ను తన కంప్యూటరు ముందు ఒంటరిగ కూర్చుండి రెండు నెలలు గడపి పోవుచున్నాడు, ఇది వానికి మేలా, మాకు మేలా అని అడుగుదురు. ఇంకను కొందరు, తామును ఒకనాడు ఇంటర్నులుగ ప్రవేశించినవారు, లేదా తమ బిడ్డలే నేడు ఇంజనీరింగు చదువుచున్నవారు, మా ఉద్యోగము పోవుచున్నదని పిల్లల త్రోవ మూయుట ధర్మము కాదు, ఆ యేడు తలుపు మూసికొన్నచో ఆ యేటి వారందరు జీవితమంతయు వెనుకబడుదురని చెప్పుదురు.

ఇంటర్నుల మనోభావమును ఎవరును అడుగరు. ముందస్తు ఉద్యోగహామీయగు పీపీఓ వచ్చునో రాదో తెలియక, సందేహము వచ్చినను అడిగిన తక్కువ చూపు చూతురేమో యని జంకుచు, ప్రక్క కుర్చీలో నిన్నటివరకు తనకు పని చూపిన అక్క నేడు ఏల రాలేదో గ్రహించి తలవంచుకొను ఆ యువతికి, తానొక అపరాధము చేసినట్లు తోచుట నేను కన్నాను. ఆమె చేసిన అపరాధమేమున్నది? పరీక్షకు మార్కులు వేయు విశ్వవిద్యాలయము ఇంటర్నుషిప్పు తప్పనిసరి యనెను, ఆమె వచ్చినది.

యజమానుల పక్షమును విచారింపకుండుట న్యాయము కాదు. శిక్షణకగు వ్యయము ముందే నిర్ణయింపబడును. విశ్వవిద్యాలయములతో సంబంధము ఒక యేడు తెగినచో మరల కట్టుట కష్టము. కష్టకాలమున నేర్పుట మానివేసిన పరిశ్రమకు మంచికాలమున పనివారు దొరకరు. ఈ హేతువులు నిజమైనవే. కాని నేర్పుట యనగా గదియు, కంప్యూటరును, ప్రమాణపత్రమును కావు. నేర్పుట యనగా నేర్పు మనిషి. ఆ మనిషిని పంపివేసి శిక్షణను నిలుపుకొంటిమనుట, దీపమును ఆర్పి ప్రమిదను కాపాడితిమనుట వంటిది.

ఉస్మానియా నుండి అమెరికా పోయిన మన పిల్లలు నేర్చువాడు పనివాని స్థానమును తీసికొనరాదను నియమమును అచ్చట చేవ్రాలుతో ఎదుర్కొందురు. 2016 మే నుండి అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, విజ్ఞాన, సాంకేతిక శాస్త్రములు చదివినవారికి చదువు ముగిసిన పిదప పనిచేసి నేర్చు ఓపీటీ శిక్షణకాలము పొడిగింపవలెనన్నచో, ఈ విద్యార్థిచే ఏ అమెరికా పనివాని స్థానమును భర్తీ చేయుట లేదని యజమాని శిక్షణపత్రముపై ధ్రువపరుపవలెను. 1947 నాటి రైల్వే తీర్పులోని తర్కమే ఆ పత్రమున ప్రతిధ్వనించుచున్నది. మన దేశమున ఇంటర్నును చేర్చుకొను ఒడంబడికలో ఇట్టి వాక్యము వ్రాయుటకు అడ్డేమున్నది?

2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి, పనివాడు ఎవడో మరల నిర్వచించినది. 1947లో అప్రెంటిస్‌తో సహా అని యున్నచోట, ఇప్పుడు అప్రెంటిస్ మినహా అని యున్నది. నారదస్మృతి లోపలికి పిలిచినవానిని, ఈ స్మృతి వెలుపల నిలిపినది. ముందస్తు అనుమతి అవసరమగు సంఖ్య మరల 300కు పెరిగినది. కాని ఈ స్మృతిలోనే నాకు ఆశాజనకముగ తోచిన విధి యొకటి కలదు: తొలగింపబడిన ప్రతి పనివాని పేర 15 దినముల వేతనమును యజమాని పునర్నైపుణ్య నిధికి చెల్లింపవలెను, అది ఆ పనివాని ఖాతాకు 45 దినములలో చేరవలెను. పని తెలిసినవాడు మరల నేర్చువాడగునని చట్టము దీనిచే అంగీకరించినది. అయినచో, నేర్చువాడు పనివాడగునని అంగీకరించుటకు సంకోచమేల?

నేను కోరునది మహత్తరమైన సంస్కరణ కాదు. ఇంటర్నుల కార్యక్రమములను ఆపవలదు. వారిని చేర్చుకొను ప్రతి విభాగమున నేర్పువారి సంఖ్యను ముందు వ్రాయుడు. ఆ విభాగమున కోత పడిన యేట, తొలగింపబడినవారి పనిని ఇంటర్నుకు అప్పగింపబోమని వ్రాసియియ్యుడు. ఉద్యోగి మెంటారుగ గడపు గంటలను వాని పనిలో భాగముగ లెక్కింపుడు. పిల్లలను పంపు విశ్వవిద్యాలయము కూడ ఈ మూడింటిని అడుగ నేర్వవలెను. 1563 నాటి శాసనకర్తలకు సాధ్యమైనది మనకు అసాధ్యము కానేరదు.

సాయంకాలము మెట్రో దిగి మొదటి రెండు ధారలును మరల తార్నాక మెట్లపై కలియును. ఆ జనములో ఒక ఇంటర్ను, ఆమెకు పని నేర్పిన పెద్దయు మాటాడుకొనుచు దిగుచుండుటను అప్పుడప్పుడు చూతును. ఏ కాలమునందైనను వృత్తివిద్య సాగినది ఆ నడక వలననే. అంతేవాసి యనగా సమీపమున వసించువాడని స్మృతికారుల మాట. ఎవ్వని సమీపమున వసించుటకై ఆ బిడ్డ వచ్చినదో, ఆ మనిషిని అచ్చట ఉండనిచ్చుట మన ధర్మము.